మీ పెళ్లికి ఏ దూతను పిలుస్తున్నారు?

దేవదూతల థీమ్‌తో పెళ్లి చేసుకోవాలని ఉందంటూ వచ్చే జంటను నేను మొట్టమొదట అడిగే మాట ఒకటే. ఎందుకు? అడగ్గానే అబ్బాయీ అమ్మాయీ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. కొందరు ఫోన్ తీసి, ఎక్కడో చూసి దాచుకున్న ఫోటో చూపిస్తారు. తెల్లటి స్టేజీ, కాళ్ల దగ్గర పొగ, పెళ్లికూతురి వెనక రెండు పెద్ద రెక్కలు. ఇంకొందరు కాసేపు ఆగి, "అమ్మ లేదండీ. ఆ రోజు అమ్మ మా దగ్గరే ఉన్నట్టు అనిపించాలి" అంటారు. డెకరేషన్ వాళ్లు ఈ ఇద్దరికీ ఒకటే ప్యాకేజీ చూపిస్తారు. కానీ ఆ రెండు పెళ్లిళ్లకూ కావలసినవి పూర్తిగా వేరు. మీ జవాబు ఏదైనా అది తక్కువదేం కాదు. అందంగా ఉండాలన్న కోరికా న్యాయమైనదే. మీ ఇద్దరి జవాబూ ఒకటేనా అన్నది మాత్రం అడ్వాన్స్ ఇవ్వకముందే తేల్చుకోండి. ఒక సాయంత్రం ఇద్దరూ విడివిడిగా రెండు వాక్యాలు రాసుకుని, తర్వాత పక్కపక్కన పెట్టి చదువుకోండి. ఆ కాగితమే చివరిదాకా మీకు దారి చూపిస్తుంది.

మన దగ్గర ఈ కోరిక ఎక్కువగా క్రైస్తవ కుటుంబాల్లో పుడుతుంది. చిన్నప్పుడు క్రిస్మస్ నాటికలో అట్టముక్క రెక్కలు కట్టుకుని, చమ్కీ కిరీటం పెట్టుకుని, గొర్రెల కాపరుల ముందు నిలబడిన ఫోటో చాలా ఇళ్ల ఆల్బంలో ఉంటుంది. గుంటూరు లూథరన్ సంఘంలో పెరిగిన అమ్మాయికైనా, మెదక్ చర్చికి వెళ్లే కుటుంబానికైనా, ఏటా గుణదల కొండ ఎక్కే కథోలికులకైనా, డల్లాస్‌లో తెలుగులో ఆరాధన చేసుకునే వాళ్లకైనా దూతలు కొత్త కాదు. వాళ్లను మనసులో పెట్టుకునే ఈ అధ్యాయం రాస్తున్నాను.

ముందు కథ, తర్వాత అలంకారం

బైబిల్లో దూత ఊరికే వచ్చి నిలబడడు, పని మీద వస్తాడు. కబురు చెబుతాడు, దారి చూపిస్తాడు, ఆపదలో అడ్డుపడతాడు. పని కాగానే వెళ్లిపోతాడు. అందుకని "దూతలు" అని మొత్తంగా అనుకోకుండా ఒక దూతను, ఆయన చేసిన ఒక పనిని ఎంచుకోండి. నజరేతులో మరియకు కబురు తెచ్చిన గబ్రియేలు, బేత్లెహేము పొలాల్లో కాపరులకు కనిపించిన దూతల సమూహం, యాకోబు కలలో నిచ్చెన ఎక్కుతూ దిగుతూ ఉన్నవాళ్లు, మమ్రే సింధూర వనంలో అబ్రాహాము గుడారానికి వచ్చిన ముగ్గురు. ఏ కథ తీసుకున్నా కార్డు మీద బొమ్మ దగ్గర్నుంచి భోజనాల దాకా ఏం చేయాలో అదే చెబుతుంది. కథ లేకపోతే ప్రతి షాపులోనూ కనబడిన రెక్కలన్నీ కొంటూ పోతారు.

వీటన్నిటికన్నా పెళ్లికి దగ్గరగా ఉండే కథ తోబీతు గ్రంథంలో ఉంది. కథోలికుల బైబిల్లో ఉండే ఈ గ్రంథం ప్రొటెస్టెంటు బైబిల్లో ఉండదు. అందుకని మన సంఘాల్లో చాలామందికి ఈ కథ తెలియదు. చూపు పోయిన తండ్రి, దూరదేశంలో దాచిన డబ్బు తెమ్మని కొడుకు తోబియాను పంపుతాడు. దారి తెలిసిన మనిషి కావాలి. రఫాయేలు దూత మామూలు కుర్రవాడిలా వచ్చి తోడు బయలుదేరతాడు. వాళ్ల వెంట ఇంటి కుక్క కూడా నడుస్తుంది. దారిలో సారా అనే అమ్మాయి ఇల్లు. అంతకుముందు ఏడుగురు భర్తలు పెళ్లి రాత్రే చనిపోయి, నిందలు పడుతూ బతుకుతున్న పిల్ల ఆమె. రఫాయేలే ధైర్యం చెప్పి పెళ్లి కుదురుస్తాడు. ఆ రాత్రి భార్యాభర్తలిద్దరూ కలిసి ప్రార్థన చేసుకుంటారు. విందు పద్నాలుగు రోజులు సాగుతుంది. పెళ్లికొడుకు విందు వదిలి వెళ్లకుండా రఫాయేలే వెళ్లి ఆ డబ్బు తీసుకొస్తాడు. అన్నీ అయ్యాక మాత్రమే తానెవరో చెబుతాడు.

ఈ కథలో నాకు ఎంతో ఇష్టమైన చోటు ఆ డబ్బు పని. పెళ్లి జరుగుతుండగా పెళ్లికొడుకు పని తన నెత్తిన వేసుకున్న దూత! మన పెళ్లిళ్లలో సరిగ్గా ఈ మనిషే ఉండడు. చర్చిలో ప్రమాణాలకు పది నిమిషాల ముందు క్యాటరింగ్ వాళ్లు పెళ్లికొడుక్కే ఫోన్ చేస్తారు. జనరేటర్‌కు డీజిల్ ఎవరు తెస్తారని పెళ్లికూతురి నాన్నను అడుగుతారు. కాబట్టి మీ థీమ్‌లో ఖర్చులేని, అన్నిటికన్నా విలువైన ఏర్పాటు ఒకటి చేయండి. బాబాయో, అన్నయ్యో, ఆఫీసు స్నేహితురాలో, నెమ్మదస్తులైన ఒకరిని ఆ రోజుకు మీ రఫాయేలుగా పెట్టుకోండి. డబ్బు కవర్లు, ఫోన్ నంబర్లు, పేమెంట్ల లెక్క అన్నీ ముందు రోజు రాత్రే వాళ్ల చేతికి ఇచ్చేయండి. పెళ్లి రోజు మీ ఇద్దరి ఫోన్లూ వాళ్ల దగ్గరే ఉండాలి. రిసెప్షన్ చివర్లో ఆ మనిషిని స్టేజీ మీదికి పిలిచి, కథ రెండు మాటల్లో చెప్పి, పూలగుత్తి ఇవ్వండి. ఏ రెక్కల బొమ్మకన్నా ఎక్కువగా అది జనానికి గుర్తుంటుంది.

బొమ్మ ఎంచుకునేటప్పుడు ఒక సంగతి తెలిసి ఉంటే మేలు. బుగ్గలు ఉబ్బి, చిన్న రెక్కలతో ఉండే పసిపిల్లల దూతలు బైబిల్లో లేరు. రోమన్ల కాలం నాటి మన్మథుడి బొమ్మలను పునరుజ్జీవన కాలపు ఇటలీ కళాకారులు తిరిగి తెచ్చి చర్చి చిత్రాల్లో నిలబెట్టారు. మోచేతులు ఆనించి పైకి చూస్తూ ఉండే ఇద్దరు పిల్ల దూతలు ఎన్నో శుభలేఖల మీద కనిపిస్తారు కదా, అది రఫాయేల్ అనే చిత్రకారుడు 1512 ప్రాంతంలో మొదలుపెట్టిన సిస్టీన్ మడోన్నా చిత్రంలో అడుగున ఉన్న ముక్క. అసలు చిత్రం ఇప్పుడు జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉంది. యెషయా చూసిన సెరాపులకు ఆరేసి రెక్కలు. అబ్రాహాము ఇంటికి వచ్చినవాళ్లకు రెక్కలున్నట్టు రాసి లేదు. పిల్ల దూతలు ముద్దుగా ఉంటారు, వేసుకోండి. మీరు ఎంచుకున్న కథకు వాళ్లు నప్పుతారా అన్నది మాత్రం చూసుకోండి.

తెలుపు మీద తెలుపు

పెళ్లికూతురు తెల్ల చీర, తెల్ల వెయిల్. వెనక తెల్ల పరదా, తెల్ల పూలు, తెల్ల రెక్కలు. ఫోటోల్లో ఆ అమ్మాయి ముఖం, చేతులు తప్ప ఇంకేమీ కనిపించవు. దూతల థీమ్‌లో అందరూ చేసే పొరపాటు ఇదే. దూత అంటే తెలుపే అన్న లెక్కేమీ లేదు. ఫ్లారెన్స్‌లోని సాన్ మార్కో మఠంలో ఫ్రా ఆంజెలికో 15వ శతాబ్దంలో గోడ మీద వేసిన గబ్రియేలును చూడండి. గులాబీ రంగు అంగీ, రెక్కల్లో వరసగా రకరకాల రంగులు. ఆ రంగులే స్టేజీకి తీసుకోండి. వెనక లేత గులాబీ, లేత నీలం, కాస్త పసిడి. ముందు తెల్లగా పెళ్లికూతురు. అప్పుడు చూపంతా ఆమె మీదే నిలుస్తుంది.

లైట్ల విషయంలో డెకరేటరుతో గట్టిగా మాట్లాడండి. మామూలుగా పెట్టే తెల్ల ఎల్‌ఈడీ కింద పట్టుచీర నీలంగా, ఒంటిరంగు పాలిపోయినట్టు కనిపిస్తుంది. "వార్మ్ వైట్" కావాలని ఆర్డరు కాగితంలోనే రాయించండి. చీర ఉప్పాడ జామ్‌దానీ అయితే వెండి జరీతో, అంచులో సన్న ఈక నమూనా వేసి నేయమని అడగొచ్చు. కొన్ని నెలల ముందే చెప్పాలి. పూల విషయానికొస్తే, చిత్రాల్లో గబ్రియేలు చేతిలో కనిపించే పొడవాటి లిల్లీలు ఖరీదెక్కువ, ఎండకు నిలవవు. అవి బొకేకు మాత్రం ఉంచుకుని, చర్చి అంతటికీ నేల సంపెంగ వాడండి. కడియం నుంచో, హైదరాబాద్‌లో గుడిమల్కాపూర్ నుంచో తెల్లవారుజామున వచ్చిన దండలు ఆరాధన సమయానికి చర్చంతా పరిమళం నింపుతాయి.

పిల్లల రెక్కలు

ఫ్లవర్ గర్ల్స్‌కు రెక్కలు కట్టాలన్నది అందరి ముచ్చట. ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి, ఎందుకంటే ఆ రెక్కలు మోసేది నాలుగైదేళ్ల పిల్ల. అద్దెకు దొరికే ఈకల రెక్కలు బరువు. భుజాల దగ్గర ఎలాస్టిక్ ఒరుసుకుంటుంది. చర్చి మధ్య దారి మీరనుకున్నంత వెడల్పు ఉండదు. రెక్క కొన బల్లకు తగులుకుంటే పిల్ల ఆగిపోతుంది, వెనక పెళ్లికూతురు ఆగిపోతుంది.

దీనికి మన దగ్గరే చక్కటి ఉపాయం ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు ఇళ్ల దగ్గరే కూర్చుని నూలు దారంతో, చిన్న కొక్కెంతో లేసు అల్లుతారు. ఈ పని 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఈక ఆకారంలో పొడవాటి ముక్కలు అల్లించి, వాటిని ఒకదాని మీద ఒకటి కొద్దిగా వచ్చేలా కుట్టిస్తే రెక్క తయారవుతుంది. తర్వాత చిక్కటి గంజిలో ముంచి, పిండి, అట్ట మీద కావలసిన ఒంపులో పరిచి, చుట్టూ గుండుసూదులు గుచ్చి నీడలో ఆరనివ్వాలి. ఆరాక రెక్క బిరుసెక్కి దానంతటదే నిలబడుతుంది. తీగ అక్కర్లేదు, పిల్లకు బరువూ ఉండదు. గౌను వెనక రెండు గుండీలకు తగిలిస్తే చాలు. పెళ్లయ్యాక నీళ్లలో నానబెడితే గంజి పోతుంది, మెత్తటి లేసు మిగులుతుంది. దాన్ని బల్ల మీద పరుచుకోవచ్చు, రేపు పాప పుడితే ఉయ్యాలకు కట్టుకోవచ్చు. పెళ్లికి కనీసం రెండు నెలల ముందు ఆర్డరు ఇవ్వండి, అల్లేవాళ్లకు కూలి సరిగ్గా ముట్టేలా చూసుకోండి. మీ వెయిల్ అంచు కూడా వాళ్ల చేతే అల్లిస్తే పిల్లల రెక్కలకూ మీకూ జోడీ కుదురుతుంది.

రెక్క వెడల్పు పిల్ల భుజాలు దాటి జానెడుకు మించనివ్వకండి. ముందు రోజు రిహార్సల్లో రెక్కలతోనే నడిపించండి. ఏడుస్తుంటే తీసేయండి. రెక్కల్లేని పాప కూడా దూతే. సండే స్కూల్ టీచరు ముందు వరసలో కూర్చుంటే పిల్లలు ఆవిడ మొహం చూసుకుంటూ నడుస్తారు. అమ్మానాన్నలకన్నా వాళ్లు ఆవిడ మాటే ఎక్కువ వింటారు.

పెద్దలకు రెక్కలు ఒంటి మీద వద్దు, గోడ మీద పెట్టండి. కొలెట్ మిల్లర్ అనే చిత్రకారిణి 2012లో లాస్ ఏంజిలెస్‌లో గోడల మీద రెక్కలు గీసి, వాటి మధ్య ఎవరైనా నిలబడి ఫోటో తీసుకునేలా చేసింది. అక్కడి నుంచి అది ప్రపంచమంతా పాకింది. రిసెప్షన్ హాలు బయట అలాంటిది ఒకటి పెడితే బంధువులంతా సరదా పడతారు. ఫ్లెక్సీ కొట్టించే బదులు ఊళ్లో బోర్డులు రాసే ఆర్టిస్టు చేత గుడ్డ మీద వేయించండి. పెద్దల భుజాల ఎత్తులో ఒక జత, పిల్లల ఎత్తులో ఒక జత. చక్రాల కుర్చీలో వచ్చే తాతయ్య కూర్చునే ఎత్తులో ఇంకో జత వేయించగలిగితే ఆయన ఫోటోనే అన్నిటికన్నా బాగా వస్తుంది.

పొగ, నిప్పు, బెలూన్లు

ఈ విషయంలో మొహమాటం వద్దు. మేఘాల పొగ కోసం వాడే డ్రై ఐస్ మైనస్ 78 డిగ్రీల చలిలో ఉంటుంది, చేత్తో ముట్టుకుంటే చర్మం కాలినట్టవుతుంది. అది ఆవిరై వచ్చే కార్బన్ డయాక్సైడ్ గాలికన్నా బరువు. నేల దగ్గరే పేరుకుంటుంది, అంటే పిల్లల ముక్కు ఎత్తులో. తలుపులు మూసిన ఏసీ హాల్లో ఎక్కువసేపు వదలనివ్వకండి, పిల్లలను ఆ పొగలో కూర్చోబెట్టకండి. గాల్లో తేలే బెలూన్లలో హీలియం ఖరీదని చాలాచోట్ల హైడ్రోజన్ నింపుతారు. కొవ్వొత్తి తగిలితే భగ్గుమంటుంది. ఏ గ్యాసో అడగండి, హైడ్రోజన్ అంటే వద్దనండి. "కోల్డ్ పైరో" పేరులో చల్లదనం ఉన్నా నిప్పురవ్వలు నిప్పురవ్వలే. నెట్టు వెయిల్‌కూ వాటికీ మధ్య దూరం ఉండాలి. తెల్ల పావురాలను ఎగరేయడం పూర్తిగా మానేయండి. పంజరాల్లో పెరిగిన ఆ పక్షులు చాలాసార్లు తిరిగి గూటికి చేరలేవు.

చర్చిలో ఏది కుదురుతుంది

కొందరు పాస్టర్లు దూతల అలంకారమంటే కొంచెం సంశయిస్తారు. దాన్ని చాదస్తం అనుకోకండి. ప్రకటన గ్రంథంలో యోహాను దూత కాళ్ల మీద పడబోతే ఆ దూతే వారించి, దేవుణ్ణే ఆరాధించమంటాడు. ఆ జాగ్రత్త వాళ్లకు ఉంటుంది. బలిపీఠం దగ్గర, సిలువ కన్నా ఎత్తుగా ఏ రెక్కలూ పెట్టకండి. గుమ్మం దగ్గర, మధ్య దారి పక్కన పూలతో సరిపెట్టి, ఊహలన్నీ రిసెప్షన్ హాలుకు దాచుకోండి. కథోలికులైతే సెప్టెంబర్ 29న మిఖాయేలు, గబ్రియేలు, రఫాయేలు మహాదూతల పండుగ, అక్టోబర్ 2న కావలి దూతల పండుగ వస్తాయి. ఆ వారంలో తేదీ దొరికితే ఫాదర్ గారి ప్రసంగమే మీ థీమ్ అయిపోతుంది.

నక్షత్రాల వెలుగులో చర్చి పెళ్లి కావాలనుకునేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం వివాహం ఉదయం 6 గంటలకూ సాయంత్రం 7 గంటలకూ మధ్యనే జరగాలి. కొన్ని సంఘాలకు ప్రత్యేక అనుమతితో మినహాయింపులున్నా వాటిని నమ్ముకుని కార్డులు కొట్టించకండి. చాలా సంఘాల్లో వివాహ ప్రకటన మూడు ఆదివారాలు చదువుతారు. శ్రమదినాల్లో పెళ్లిళ్లు చేయని చర్చిలు చాలా ఉన్నాయి. ఇవన్నీ లెక్క చూసుకునే తేదీ అనుకోండి.

ఖర్చు తగ్గాలంటే క్రిస్మస్ తర్వాతి వారం మంచి సమయం. నక్షత్రాలు, పశువుల పాక, దూతలు అప్పటికే చర్చిలో ఉంటాయి. యువజనులు కట్టిన లైట్లు ఇంకా విప్పి ఉండరు. క్వయర్‌కు దూతల పాటలు నోటికి వచ్చి ఉంటాయి. డిసెంబరు మొదటి నుంచీ సెమీ క్రిస్మస్‌లతో అలసిపోయిన పాస్టర్ గారికి మాత్రం బాగా ముందుగా చెప్పాలి.

విందు

అబ్రాహాము ఆ ముగ్గురినీ చూడగానే ఎండలో పరుగెత్తుకెళ్లి, కాళ్లు కడుక్కోమని నీళ్లిచ్చి, చెట్టు నీడన కూర్చోబెట్టాడు. రొట్టెలు, మాంసం, పెరుగు, పాలు పెట్టాడు. వాళ్లు తింటున్నంతసేపూ పక్కనే నిలబడ్డాడు. వచ్చింది దూతలని అప్పటికి ఆయనకు తెలియదు. కొసరి కొసరి వడ్డించే మన పద్ధతికి ఇంతకన్నా దగ్గరి కథ ఇంకెక్కడుంది? బఫే పెట్టినా పెద్దవాళ్లకు ఒక వరస బల్లలు వేసి వడ్డించండి. హిందూ బంధువులు, స్నేహితులు చాలామంది వస్తారు కాబట్టి శాకాహారం విడిగా, వేరే గరిటెలతో ఉండాలి. డ్రైవర్లు, లైట్లబ్బాయిలు, బ్యాండు వాళ్లు, ఫోటోగ్రాఫర్లు కూర్చుని తినడానికి వేళా చోటూ ముందే రాసి పెట్టండి. పిలవకుండా వచ్చినవాళ్లను గేటు దగ్గర ఆపొద్దని సెక్యూరిటీకి చెప్పండి. దూతల పేరు పెట్టుకున్న విందులో ఎవరూ ఆకలితో వెనుదిరగకూడదు, దీని కోసం స్టేజీ పూలు సగానికి తగ్గించినా తప్పు లేదు.

వచ్చినవాళ్లకు ఇచ్చే కానుకగా ప్లాస్టిక్ దూత బొమ్మలు కొనకండి. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో, సహజ రంగులతో బొమ్మలు చేసే కుటుంబాలకు నమూనా ఇస్తే చిన్న కర్ర దూతలను చేసి ఇస్తారు. వచ్చే క్రిస్మస్‌కు అవి ఇంటింటి చెట్టు మీద వేలాడతాయి.

లేనివాళ్ల చోటు

అమ్మ కోసం, నాన్న కోసం, పోయిన తమ్ముడి కోసం దూతలను కోరుకునేవాళ్లకు ఈ నాలుగు మాటలు. చనిపోయినవాళ్లు దూతలవుతారని మన సంఘాలు బోధించవు, స్టేజీ మీద అలా రాయిస్తే పెద్దలు నొచ్చుకోవచ్చు. కానీ ముందు వరసలో అమ్మ కూర్చోవలసిన కుర్చీలో ఆవిడ చీర మడిచి పెట్టి, పక్కన ఫోటో, రెండు తెల్ల పూలు ఉంచడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ముందుగా నాన్నతో మాట్లాడండి. ఆ కుర్చీని ఆ రోజే మొదటిసారి చూస్తే ఆయన తట్టుకోలేకపోవచ్చు. మైకులో ప్రకటించకండి, వీడియో వేయకండి. తెలిసినవాళ్లకు తెలుస్తుంది. బొకేలో ఒక పువ్వు తీసి ఆ కుర్చీలో పెట్టి, తర్వాత మీ చోటికి వెళ్లండి.

ఇక మీ పని మొదలుపెట్టండి. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరూ కలిసి పాస్టర్ గారినో, ఫాదర్ గారినో కలవండి, మీరు ఎంచుకున్న కథ ఏదో చెప్పండి, తేదీ ఖాయం చేసుకోండి. డెకరేషన్ వాళ్లకు అడ్వాన్స్ ఆ తర్వాతే ఇవ్వండి.